రెండు గీతలకు ముందు

మెడికల్ షాపు అరలో ప్రెగ్నెన్సీ కిట్ పక్కనే ఇప్పుడు ఇంచుమించు అదే కొలతలో మరో పెట్టె కనిపిస్తోంది. దాని మీద ఓవ్యులేషన్ కిట్ అని ఉంటుంది. లోపలుండేదీ చూడ్డానికి అలాంటి పట్టీయే. మూత్రం చుక్కలు వెయ్యాలి, లేదా పట్టీని గుర్తు దాకా ముంచాలి, కొన్ని నిమిషాలు ఆగి గీతలు చూడాలి. ఇంతవరకూ రెండూ ఒకటే. చదివే దగ్గర తేడా వస్తుంది. చాలామంది పొరబడేదీ అక్కడే. ప్రెగ్నెన్సీ పట్టీ మీద, చెప్పిన గడువు లోపల వచ్చిన రెండో గీత ఎంత పలచగా ఉన్నా ‘ఉంది’ అనే అర్థం. ఓవ్యులేషన్ పట్టీ మీద రెండో గీత పలచగా ఉంటే ‘ఇంకా లేదు’ అని అర్థం. అది పక్కనున్న కంట్రోల్ గీతంత చిక్కగానో, అంతకన్నా ముదురుగానో వచ్చిన రోజునే లెక్కలోకి తీసుకోవాలి.

ప్రెగ్నెన్సీ పట్టీ వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. పిండం గర్భాశయం గోడకు అంటుకున్నాక, తర్వాత మాయగా మారే కణాలు దాన్ని తయారుచేస్తాయి. గర్భం లేనప్పుడు అది పట్టీకి అందేంత ఉండదు కాబట్టి కాస్త కనిపించినా సరిపోతుంది. ఓవ్యులేషన్ పట్టీ వెతికే ఎల్‌హెచ్ సంగతి వేరు. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి దాన్ని నెల పొడుగునా కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. నెలలో ఒక్కసారి మాత్రం అది ఉప్పెనలా పెరుగుతుంది. పట్టీ పట్టుకోవలసింది ఆ ఉప్పెనని. కాబట్టి గీత ఉందా లేదా అని కాకుండా, ఎంత చిక్కగా ఉందని చూడాలి.

ఇంట్లో చేసుకునే హార్మోన్ పరీక్షలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మూత్రం పట్టీలున్నాయి, ఫోనుకు తగిలించుకునే పరికరాలున్నాయి, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ల్యాబులున్నాయి. వీటిలో ఏది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలియకుండా వాడితే డబ్బు పోవడం చిన్న నష్టం, మనశ్శాంతి పోవడం పెద్ద నష్టం. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళ ప్రశ్నలు ప్రధానంగా రెండు. ఈ నెల అండం ఎప్పుడు విడుదలవుతుంది? నాకు పిల్లలు పుడతారా? మొదటి ప్రశ్నకు ఇంటి పరీక్ష చక్కగా జవాబిస్తుంది. రెండోదానికి ఇవ్వలేదు. రెండోదానికీ ఇస్తుందన్నట్టు అమ్ముతున్న పరీక్షల గురించే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త చెప్పాలి.

ముందుగా ఒక నెలలో ఏం జరుగుతుందో చూద్దాం. నెలసరి మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కపెడతారు. ఆ రోజుల్లో పిట్యుటరీ నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ వస్తుంది. దాని ప్రేరణతో అండాశయంలో కొన్ని ఫాలికిల్స్ పెరగడం మొదలుపెడతాయి. ఫాలికిల్ అంటే అండాన్ని తన లోపల పెట్టుకుని నీటితో ఉబ్బే చిన్న సంచి. ఫాలిక్యులర్ స్టడీ పేరుతో రోజు మార్చి రోజు స్కానింగ్ చేసి డాక్టర్లు మిల్లీమీటర్లలో కొలిచేది దీన్నే. మామూలుగా వీటిలో ఒక్కటే ముందుకు పోయి 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కలకు ఎదుగుతుంది, మిగతావి అక్కడితో ఆగిపోతాయి. ఎదిగే ఫాలికిల్ ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. ఈస్ట్రోజెన్ కొద్దిగా ఉన్నంతకాలం పిట్యుటరీని అదుపులో పెడుతుంది. అదే ఈస్ట్రోజెన్ మిల్లీలీటరు రక్తంలో సుమారు 200 పికోగ్రాములు దాటి, రెండు రోజుల పాటు అక్కడే నిలిస్తే మాత్రం దాని పని తలకిందులవుతుంది. అప్పటిదాకా పిట్యుటరీని ఆపుతూ వచ్చింది కాస్తా తోయడం మొదలుపెడుతుంది. పిట్యుటరీ తన దగ్గరున్న ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తుంది. శరీర శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచే మలుపుల్లో ఇదొకటి. ‘నేను సిద్ధం’ అన్న కబురు అండాశయం నుంచే పైకి వెళ్తుంది, మెదడు అందుకుని జవాబిస్తుంది.

ఆ ఉప్పెన మొదలైన 34 నుంచి 36 గంటలకు ఫాలికిల్ చిట్లి అండం బయటికొస్తుంది. రక్తంలో పెరిగిన ఎల్‌హెచ్ మూత్రంలో కనిపించడానికి కొన్ని గంటలు పడుతుంది. అంచేత పట్టీ మీద గీత చిక్కబడ్డాక సాధారణంగా ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుందని లెక్క. బయటికొచ్చిన అండానికి 12 నుంచి 24 గంటలే ఆయుష్షు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా బతకగలవు. ఈ రెండు అంకెలూ కలిపి చూస్తే, అండం విడుదలకు ముందే కలవడం మేలని, తర్వాతైతే ఆలస్యమైపోతుందని తేలుతుంది.

దీన్ని అంచనాగా వదిలెయ్యకుండా కొలిచి చూపించినవారు అమెరికాలో నార్త్ కెరొలైనాకు చెందిన ఆలెన్ విల్‌కాక్స్, ఆయన సహచరులు. పిల్లల కోసం అప్పుడే ప్రయత్నం మొదలుపెట్టిన 221 మంది స్త్రీలు రోజూ ఉదయాన్నే మూత్రం సేకరించి ఇచ్చారు, ఏ రోజుల్లో కలిశారో రాసి ఇచ్చారు. మూత్రంలోని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌ల అవశేషాలను కొలిచి అండం విడుదలైన రోజును గుర్తించారు. ఆ ఫలితాలు 1995లో వెలువడ్డాయి. నిలిచిన గర్భాలన్నీ అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు, మొత్తం ఆరు రోజుల్లో జరిగిన కలయికల వల్లనే వచ్చాయి. మర్నాటి కలయిక వల్ల గర్భం వచ్చినట్టు కనిపించలేదు. ఆరు రోజుల్లో మొదటి రోజున అవకాశం పదో వంతు, అండం విడుదలయ్యే రోజున మూడో వంతు.

అయితే ఆ ఆరు రోజులు ఎప్పుడొస్తాయి? మన దగ్గర అందరి నోటా వినిపించే జవాబు ‘పద్నాలుగో రోజు’. ఈ మాటకు మూలం జపాన్‌లో ఓగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అనే వైద్యులు 1920లలో చేసిన పరిశోధన. వాళ్ళు తేల్చింది వచ్చే నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు అండం విడుదలవుతుందని. వెనకనుంచి లెక్కపెట్టాల్సిన ఆ అంకె జనం నోట్లో పడి ముందునుంచి లెక్కపెట్టేదిగా మారిపోయింది. 28 రోజుల నెలకు రెండూ కలుస్తాయి, 34 రోజుల నెలకు కలవవు. విల్‌కాక్స్ బృందమే 2000లో మరో సంగతి తేల్చింది. గర్భం రాగలిగే ఆ ఆరు రోజులూ పూర్తిగా 10వ రోజుకూ 17వ రోజుకూ మధ్య పడినవారు సుమారు 30 శాతమే. మిగిలినవాళ్ళలో కొందరికి ముందే వచ్చేస్తాయి, కొందరికి బాగా వెనక. నెలసరి క్రమంగా వచ్చేవాళ్ళలోనూ ఈ తేడా ఉంటుంది. కాబట్టి క్యాలెండర్ చూసి 14వ రోజు కోసం ఎదురుచూసే దంపతులు, ఇద్దరికీ ఏ లోపం లేకపోయినా, నెలల తరబడి ఆ రోజులు తప్పిపోతూ ఉండవచ్చు. పట్టీ ఉపయోగం ఇక్కడే ఉంది. 40 ఏళ్ళ లోపువారిలో, ఏడాది లోపు ప్రయత్నిస్తున్నవారిలో ఈ పట్టీలు వాడి రోజులు చూసుకుంటే గర్భం వచ్చే అవకాశం బహుశా కొంత పెరుగుతుందని 2023 నాటి కాక్రేన్ సమీక్ష కూడా తేల్చింది.

వాడే తీరు కష్టమేమీ కాదు. ఈమధ్య నెలల్లో మీకు అన్నిటికన్నా పొట్టిగా వచ్చిన నెల ఎన్ని రోజులో చూసుకుని, అందులోంచి 17 తీసెయ్యండి. 28 రోజులైతే 11వ రోజు నుంచి పరీక్ష మొదలుపెట్టాలి. రోజూ ఒకే వేళకు చెయ్యాలి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపల మేలు, ఎందుకంటే ఎల్‌హెచ్ తరచు తెల్లవారుజామున పెరగడం మొదలుపెట్టి మూత్రంలోకి ఆ తర్వాత వస్తుంది. అంతకు ముందు మూడు నాలుగు గంటలు మూత్రం ఆపుకోవాలి, ఆ వేళలో నీళ్ళు అతిగా తాగకూడదు. ఎండాకాలం ఇది కష్టమే, అయినా బాగా పలచబడిన మూత్రంలో ఉప్పెన కూడా పలచగానే కనిపిస్తుంది. తెల్లబట్ట పలచగా, జారుడుగా, వేళ్ళ మధ్య సాగేలా మారడం కూడా అదే రోజులకు గుర్తు. దానికి పైసా ఖర్చు లేదు. పట్టీ కన్నా రెండు మూడు రోజులు ముందే అది చెబుతుంది, ఎందుకంటే అది ఈస్ట్రోజెన్ పెరుగుదలకు గుర్తు. గర్భం రాకుండా చూసుకోవడానికి మాత్రం ఈ పట్టీని నమ్ముకోవద్దు. గీత చిక్కబడేది అండం విడుదలకు ఒక రోజు ముందు, వీర్యకణం బతికేది అయిదు రోజులు.

ఇంత చిన్న పట్టీ చేతికి రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. 1920ల చివర్లో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు వైద్యులు స్త్రీ మూత్రాన్ని ఎదిగీ ఎదగని ఆడ ఎలుకపిల్లలకు ఎక్కించి, కొన్ని రోజుల తర్వాత వాటిని కోసి అండాశయాలు చూసేవారు. గర్భం ఉంటే ఆ అండాశయాలు పక్వానికి వచ్చి కనిపించేవి. తర్వాత కుందేళ్ళ వంతు వచ్చింది. 1930లలో, దక్షిణాఫ్రికాలో లాన్సెలాట్ హాగ్బెన్ పరిశీలన నుంచి కప్ప పరీక్ష పుట్టింది. గర్భవతి మూత్రం ఎక్కిస్తే అక్కడి ఒక జాతి ఆడకప్ప కొన్ని గంటల్లో గుడ్లు పెట్టేది. దాన్ని చంపనక్కరలేదు, మళ్ళీ వాడుకోవచ్చు. కొన్ని దశాబ్దాల పాటు ఆసుపత్రుల్లో కప్పల తొట్లుండేవి. ఈ పరీక్షలన్నిటిలో జరిగింది ఒకటే. స్త్రీ మూత్రంలోని హెచ్‌సీజీ ఆ జంతువు ఒంట్లో ఎల్‌హెచ్ చేసే పనిని చేసి అండం విడుదల చేయించింది. హెచ్‌సీజీ, ఎల్‌హెచ్‌లు నిర్మాణంలో అక్కచెల్లెళ్ళు. వాటిలోని రెండు గొలుసుల్లో ఒకటి అచ్చంగా ఒకటే, రెండోదానిలోనే తేడా. సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇచ్చే రప్చర్ ఇంజెక్షన్‌లో చాలాసార్లు ఉండేది ఈ హెచ్‌సీజీయే. ఇంజెక్షన్ వేశాక సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుందని లెక్కకట్టి పిలుస్తారు. ఇంకో సంగతి, ఆ ఇంజెక్షన్ వేయించుకున్న పది పద్నాలుగు రోజుల లోపల ప్రెగ్నెన్సీ పట్టీ వాడితే, ఆ మందునే చూసి పట్టీ రెండు గీతలు చూపించవచ్చు. ఆ గీతలు చూసి ఇంటిల్లిపాదికీ చెప్పుకుని, తర్వాత కుమిలిపోయినవాళ్ళు ఎందరో. డాక్టరు చెప్పిన తేదీ దాకా ఆగండి.

జంతువుల అవసరం లేకుండా చేసినది 1960లో స్వీడన్‌లో వైడ్, గెమ్‌జెల్ రూపొందించిన పరీక్ష. గొర్రె ఎర్రరక్తకణాలను, హెచ్‌సీజీని పట్టుకునే యాంటీబాడీలను గాజుగొట్టంలో మూత్రంతో కలిపేవారు. ఫలితం గొట్టం అడుగున ఉంగరంలా కనిపించేది. 1967లో న్యూజెర్సీలోని ఆర్గనాన్ అనే మందుల కంపెనీలో ప్యాకింగ్ డిజైన్ల పనికి చేరిన మార్గరెట్ క్రేన్ అనే యువతి అక్కడి ప్రయోగశాలలో వరసగా వేలాడుతున్న గాజుగొట్టాలను చూసింది. కింద అద్దం, అద్దంలో గొట్టం అడుగు. ఇవేమిటని అడిగితే గర్భ పరీక్షలన్నారు. ఇంత సులువైనదైతే ఆడవాళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అనుకుంది. పేపర్ క్లిప్పులు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అందులో అద్దం, గొట్టం, డ్రాపర్ అమర్చి నమూనా చేసింది. కంపెనీ పెద్దలకు మొదట నచ్చలేదు. ఈ కిట్ వస్తే డాక్టర్లకు కోపం వస్తుందని వాళ్ళ భయం. 1971లో ఆమె పేరిట పేటెంట్ వచ్చింది. హక్కులు కంపెనీకి రాసిచ్చినందుకు ఆమెకు రావలసింది ఒక్క డాలరు, అదీ అందలేదు. అమెరికాలో ఇంటి పరీక్ష మార్కెట్లోకి వచ్చేసరికి ఆ దశాబ్దం చివరికొచ్చింది. ఆడవాళ్ళు ఫలితాన్ని తట్టుకోలేరని, తప్పుగా చదువుతారని అప్పట్లో గట్టిగా వాదించారు. ఈ రోజు మన పల్లెల్లో ఆశా కార్యకర్త సంచీలో నిశ్చయ్ అనే ప్రెగ్నెన్సీ కిట్ ఉంటోంది, దాన్ని చదవడం ఎవరికీ కష్టం కావడం లేదు.

1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్‌లు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ వచ్చింది. అక్కచెల్లెళ్ళలాంటి రెండు హార్మోన్లను విడదీసి పట్టుకోవడం దానివల్లనే సులువైంది. 1988కల్లా చుక్క వేస్తే గీత వచ్చే పట్టీ వచ్చేసింది. ఆ పట్టీ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి. మూత్రం కాగితంలాంటి పొరలో పాకుతూ ముందుకు పోతుంది. దారిలో అతిసూక్ష్మమైన బంగారు రేణువులుంటాయి, వాటికి యాంటీబాడీలు అతికి ఉంటాయి. మూత్రంలో ఎల్‌హెచ్ ఉంటే ఆ యాంటీబాడీలు దాన్ని పట్టుకుని ప్రవాహంతో పాటు కదులుతాయి. కొంత ముందు, ఒక గీత వెంట రెండో రకం యాంటీబాడీలు పొరకు అంటించి ఉంటాయి. అవి ఎల్‌హెచ్‌ను రెండో వైపు నుంచి పట్టి ఆపేస్తాయి. అక్కడ రేణువులు పోగుపడతాయి. అంత సూక్ష్మంగా ఉన్నప్పుడు బంగారం పసుపుగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది. చాలా పట్టీల మీద మనం చూసే ఆ గులాబీ గీత నిజంగా బంగారమే. ఎల్‌హెచ్ ఎంత ఎక్కువుంటే అంత బంగారం ఆగుతుంది, గీత అంత చిక్కగా వస్తుంది. దాని తర్వాతి కంట్రోల్ గీత ఎల్‌హెచ్ ఉన్నా లేకున్నా రావాలి. అది రాకపోతే ఆ పట్టీ పాడైనట్టు, పారేసి మరోటి వాడాలి.

ఇంత మంచి పరికరానికీ హద్దులున్నాయి. పీసీఓడీ ఉన్నవాళ్ళలో చాలామందికి ఎల్‌హెచ్ మామూలు రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది. వాళ్ళ పట్టీ రోజూ చిక్కగానే చూపించవచ్చు, లేదా ఒకే నెలలో రెండు మూడు సార్లు ఉప్పెన వచ్చినట్టు కనిపించి అండం మాత్రం రాకపోవచ్చు. పీసీఓడీ లేనివాళ్ళలోనూ కొన్ని నెలల్లో ఉప్పెన వచ్చినా ఫాలికిల్ చిట్లకుండా ఉండిపోతుంది. పట్టీ చెప్పేది పిట్యుటరీ ఆదేశం వెళ్ళిందనే. ఆ ఆదేశం అమలైందో లేదో తెలియాలంటే ప్రొజెస్టిరాన్ చూడాలి. అండం వెళ్ళిపోయాక ఖాళీ అయిన ఫాలికిలే ప్రొజెస్టిరాన్ తయారుచేసే గ్రంథిగా మారుతుంది. నిద్రలేవగానే కొలిచే ఒంటి వేడి ఆ తర్వాత కొద్దిగా, సుమారు మూడో వంతు డిగ్రీ సెల్సియస్, పెరగడానికి కారణం అదే. దాని అవశేషాన్ని మూత్రంలో చూసే పట్టీలూ వచ్చాయి. ఒకే పట్టీ మీద ఎల్‌హెచ్‌ను, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌ల అవశేషాలను కొలిచి ఫోనులో అంకెలుగా చూపించే పరికరాలున్నాయి. అలాంటి ఒకటైన ఇనిటో మన పక్కన బెంగళూరులోనే పుట్టింది. ఖరీదు ఎక్కువే. నెలసరి క్రమంగా రానివాళ్ళకు, వైద్యుడితో మాట్లాడేటప్పుడు చూపించడానికి ఆ అంకెలు పనికొస్తాయి. నెలసరి క్రమంగా వస్తున్నవాళ్ళకు మామూలు పట్టీ చాలునని నా అభిప్రాయం.

ఇక్కడే మరో పొరపాటు. ప్రొజెస్టిరాన్ రక్తపరీక్షను అందరికీ 21వ రోజున చేయిస్తుంటారు. అది 28 రోజుల నెల వచ్చేవాళ్ళ లెక్క. చూడవలసింది వచ్చే నెలసరికి సుమారు వారం ముందు. 35 రోజులకు నెలసరి వచ్చే స్త్రీకి 21వ రోజున అండం అప్పుడే విడుదలవుతుంటుంది. ఆ రోజు రక్తం తీస్తే ప్రొజెస్టిరాన్ తక్కువగా ఉండి, అండం విడుదల కావడం లేదనే తప్పు ముద్ర పడుతుంది.

ఇక ఏఎంహెచ్ అనే హార్మోన్ సంగతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఫర్టిలిటీ ప్యాకేజీ పేరుతో ఇంటికొచ్చి రక్తం తీసుకుని వెళ్ళే ల్యాబులు ప్రధానంగా చూపించేది దీన్నే. పెళ్ళి కాని అమ్మాయిలు కూడా ముందుజాగ్రత్తగా చేయించుకుంటున్నారు. రిపోర్టులో అంకె తక్కువగా ఉంటే ‘ఎగ్ కౌంట్ తక్కువ’ అన్న మాట ఇంట్లో పిడుగులా పడుతుంది.

ఏఎంహెచ్ కథ ఆడవాళ్ళతో మొదలవలేదు. 1940లలో ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాల మీద పరిశోధిస్తూ, మగపిండంలో గర్భాశయంగా మారగల నాళాలను కరిగించివేసే పదార్థమేదో వృషణాల నుంచి వస్తోందని గుర్తించారు. అదే ఏఎంహెచ్. స్త్రీలలో అండాశయంలోని చిన్న ఫాలికిల్స్ చుట్టూ ఉండే కణాలూ దాన్ని తయారుచేస్తాయని తర్వాత తెలిసింది. చిన్న ఫాలికిల్స్ ఎక్కువుంటే ఏఎంహెచ్ ఎక్కువ. అందువల్ల ఐవీఎఫ్ చేసే డాక్టర్లకు అది బాగా పనికొచ్చింది. ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు దొరుకుతాయి, మోతాదు ఎంత ఉండాలి అన్నవి నిర్ణయించడానికి అది మంచి కొలత. ఆ ప్రశ్న కోసం వచ్చిన కొలతను ‘నాకు పిల్లలు పుడతారా’ అనే ప్రశ్నకు అంటగట్టడంతో చిక్కు వచ్చింది.

ఆడపిండానికి తల్లి కడుపులో అయిదో నెలలోనే 60, 70 లక్షల అండాలుంటాయి. పుట్టేసరికి 10, 20 లక్షలు మిగులుతాయి. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి సుమారు 400. మిగతావన్నీ లోలోపలే క్షీణించిపోతాయి. నెలకు కావలసింది ఒక్క అండం. లోపల నిల్వ ఎక్కువున్నా తక్కువున్నా విడుదలయ్యేది అదొక్కటే. గాదెలో గింజలు ఎన్నున్నాయో ఏఎంహెచ్ చెబుతుంది గానీ, ఈ ఏడు చల్లబోయే గింజ మొలకెత్తుతుందో లేదో దానికి తెలియదు. గింజ సత్తువను ప్రధానంగా నిర్ణయించేది వయసు.

దీన్ని నేరుగా పరీక్షించి చూసిన అధ్యయనం 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఆన్ స్టైనర్, ఆమె సహచరులు నార్త్ కెరొలైనాలోనే 30 నుంచి 44 ఏళ్ళ మధ్య ఉన్న 750 మంది స్త్రీలను తీసుకున్నారు. వాళ్ళెవరికీ అంతకు ముందు సంతానలేమి లేదు, మూడు నెలల లోపే ప్రయత్నం మొదలుపెట్టినవారు. వయసు వంటివి సర్దుబాటు చేశాక, ఏఎంహెచ్ మిల్లీలీటరుకు 0.7 నానోగ్రాముల కన్నా తక్కువున్నవారిలో ఆరు నెలసరుల లోపల గర్భం వచ్చే అవకాశం 65 శాతం, మామూలుగా ఉన్నవారిలో 62 శాతం. పన్నెండు నెలసరులకు 84 శాతం, 75 శాతం. ఈ తేడాలు లెక్కలో నిలబడేవి కావు. అంటే తక్కువ ఏఎంహెచ్ వల్ల అవకాశం తగ్గినట్టు కనిపించలేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ అంకె ఎక్కువున్నవారిలోనూ తగ్గలేదు. సంతానలేమి లేని స్త్రీకి ఆమె గర్భం దాల్చే శక్తి గురించి చెప్పడానికి ఏఎంహెచ్ వాడవద్దని అమెరికాలోని ప్రసూతి వైద్యుల కాలేజీ 2019లో స్పష్టంగా సలహా ఇచ్చింది. నెలసరి సరిగా వస్తూ, ఇంకా ప్రయత్నమే మొదలుపెట్టని పాతికేళ్ళ అమ్మాయికి ఈ పరీక్ష అమ్మడం వైద్యం కాదని నేను అనుకుంటాను. అది భయాన్ని అమ్మడం.

అంకె మీద ఆధారపడేవాళ్ళకు మరికొన్ని జాగ్రత్తలు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఏఎంహెచ్ తక్కువగా కనిపిస్తుంది, ఆపేశాక మళ్ళీ పెరుగుతుంది. పీసీఓడీలో ఎక్కువగా ఉంటుంది, అక్కడ పెద్ద అంకె చూసి ధీమా పడడానికీ లేదు. ల్యాబు మారితే అంకె మారవచ్చు. బ్రిటన్‌లో ఉన్న మన అమ్మాయిలకు రిపోర్టు తరచు పికోమోల్స్‌లో వస్తుంది, ఇక్కడ నానోగ్రాముల్లో వస్తుంది. అక్కడి అంకెను 7.14తో భాగిస్తే ఇక్కడి అంకె వస్తుంది. అది తెలియక తన 10ని అక్క 1.4తో పోల్చుకుని అక్క గురించి బెంగ పెట్టుకునే చెల్లెళ్ళుంటారు. నిజానికి రెండూ ఒకటే. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే కొన్ని రకాల హార్మోన్ పరీక్షల్లో, థైరాయిడ్ పరీక్షతో సహా, అంకె తప్పుగా వస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరించింది. రక్తం ఇచ్చే ముందు ఆ మాత్రల సంగతి చెప్పండి, ఎన్ని రోజులు ఆపాలో అడగండి. ప్యాకేజీలో వచ్చే వాటిలో టీఎస్‌హెచ్ నిజంగా పనికొచ్చే పరీక్ష. థైరాయిడ్ లోపం నెలసరినీ గర్భాన్నీ రెండిటినీ దెబ్బతీస్తుంది, మాత్రతో సరిదిద్దుకోవచ్చు. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఆందోళనతోనే పెరగగలదు కాబట్టి కాస్త ఎక్కువ వచ్చిందని కంగారు పడకుండా మళ్ళీ చేయించాలి.

నెల తప్పకముందే ప్రెగ్నెన్సీ పట్టీ వాడే అలవాటు గురించి కూడా ఒక మాట. విల్‌కాక్స్ బృందం 1988లో అదే 221 మంది స్త్రీల నమూనాల్లో హెచ్‌సీజీని అతి సూక్ష్మంగా కొలిచి చూస్తే, మొదలైన గర్భాల్లో 22 శాతం ఎవరికీ తెలియకముందే పోయాయి. పూర్వం ఇవి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన నెలసరిగా గడిచిపోయేవి. ఇప్పుడు పట్టీ మీద పలచటి గీతగా కనిపించి మాయమవుతాయి. ఇలా పోవడానికి ఎక్కువగా కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే. ఆమె ఎత్తిన బరువు, ఎక్కిన మెట్లు, తిన్న బొప్పాయి కాదు. ‘ఏమైనా విశేషమా’ అని నెలనెలా అడిగే ఇళ్ళల్లో ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

అసలు ఈ పరీక్షలన్నీ ఆమె మీదే ఎందుకు జరుగుతున్నాయి? సంతానలేమి ఉన్న దంపతుల్లో సుమారు సగం మందిలో మగవారి వైపు కారణం ఒక్కటిగానో, ఆమె కారణంతో కలిసో ఉంటుంది. అయినా కోడలి చేత ఆరు రకాల రక్తపరీక్షలు, నాలుగు స్కానింగులు చేయించాక గానీ కొడుకు వీర్యపరీక్ష గుర్తురాని కుటుంబాలు మనకింకా ఉన్నాయి. ఓవ్యులేషన్ పట్టీ నెలనెలా చిక్కటి గీత చూపిస్తూనే ఉంటుంది, వీర్యకణాలు లేకపోతే ఆ గీతతో ప్రయోజనం లేదు. ఫాలోపియన్ నాళాలు మూసుకుపోయాయో లేదో కూడా ఏ హార్మోనూ చెప్పదు.

కాబట్టి పట్టీని అండం విడుదలయ్యే రోజులు తెలుసుకోవడానికి వాడండి. భార్య వయసు 35 లోపైతే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించి చూడండి. ఆ తర్వాత ఇంట్లో పరీక్షలు చేసుకుంటూ కూర్చోవద్దు. నెలసరికీ నెలసరికీ మధ్య 35 రోజులకు మించి ఎడం ఉంటున్నా, నెలలు నెలలు రాకపోతున్నా, నొప్పి మంచాన పడేసేంత ఉన్నా ఆ గడువు దాకా కూడా ఆగవద్దు. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి, మొదటి రోజే వీర్యపరీక్ష రాయించుకోండి. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇస్తే సరిపోతుంది. ఖర్చులో ఏఎంహెచ్ కన్నా చాలా తక్కువ, సూది పోటు కూడా ఉండదు.